నేల సంగతి ఎవరూ అడగలేదు

మేస్త్రమ్మకి అసలు పేరొకటి ఉంది గానీ పిలిచేవాళ్లు లేక అది మూలపడింది. తాపీమేస్త్రీని కట్టుకుని ఈ వీధికి వచ్చిన కొత్తలో ఎవరో మేస్త్రమ్మ అన్నారు, అదే నిలిచిపోయింది. మేస్త్రీ పోయాక కూడా ఆ పేరు ఆమెని వదల్లేదు. మనిషి బహు నెమ్మది. గట్టిగా నవ్వడం ఎవరూ చూడలేదు, గట్టిగా ఏడవడమూ చూడలేదు. కూరగాయల బండివాడు తూకంలో చేతివాటం చూపిస్తే ఇక ఆ బండి వైపు వెళ్లకపోవడమే ఆమె పోట్లాట. అలాంటి మనిషి కోర్టుకెక్కిందంటే వీధిలో ముందు ఎవరూ నమ్మలేదు. నమ్మినవాళ్లు పరిహారం కోసమే అనుకున్నారు. ఆమెకి కావలసింది పరిహారం కాదు. మొగుడి పనితనం గురించి ఒక మెకానిక్ కాగితం మీద రాసిపోయిన మాట తప్పని, తెలిసినవాళ్లు ఎవరో ఒకరు చెప్పాలి. అంతే ఆమె కోరిక.

ఇదంతా బట్టలుతికే మిషనుతో వచ్చింది.

అత్తగారు మంచాన పడ్డాక ఆ ఇంట్లో దుప్పట్లు ఉతకని రోజంటూ లేదు. తడిసిన బొంత పిండడమంటే కుస్తీ పట్టడమే. మేస్త్రమ్మ మణికట్లు వాచాయి. చెప్పుకునే మనిషి కాదు కనక చెప్పలేదు. ఒక పూట అన్నం గిన్నె దించబోయి, మళ్లీ పొయ్యి మీదే పెట్టేసి, చేతులు కొంగులో దాచుకుంటుంటే మేస్త్రీ చూశాడు. గిన్నె తనే దించాడు. ఆ వారమే చెల్లెలి ఊరు వెళ్లి మిషను కొన్నాడు.

చెల్లెలి ఊరే ఎందుకంటే, అక్కడ ఆమె మొగుడికి తెలిసిన షాపు ఉంది. తెలిసినవాడి దగ్గర కొంటే మోసం ఉండదని మేస్త్రీ నమ్మకం. అయితే ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. ఆ ఊళ్లో ఇళ్లకైతే సరుకు ఊరికే దింపుతారు, ఊరు దాటితే వ్యాను కిరాయి మనదే. చెల్లెలి మొగుడికి చిటికెలో ఉపాయం తట్టింది. "బావా, బిల్లు మీద మా ఇంటి అడ్రసు రాయించు. మా గుమ్మంలో దింపుతారు. అక్కణ్ణుంచి మా స్నేహితుడి బండి ఎలాగూ మీ ఊరు వస్తోంది" అన్నాడు. ఆ తెలివికి అందరూ మెచ్చుకున్నారు. టీ తాగి మరీ మెచ్చుకున్నారు. బిల్లు మీద మేస్త్రీ పేరు, చెల్లెలి ఇంటి అడ్రసు పడ్డాయి. మర్నాడు మిషను బిగించే మనిషి సంచీ తగిలించుకుని చెల్లెలి గుమ్మంలోకి వస్తే, అప్పటికే మిషను ఊరు దాటేసింది. ఉపాయం బయటపడుతుందని చెల్లెలి మొగుడు ఆ మనిషికి కూడా ఒక టీ ఇప్పించి, మేమే బిగించేసుకున్నాంలే అని పంపేశాడు. ఆ సంగతి చాన్నాళ్లు ఒక ముచ్చటలాగే చెప్పుకున్నారు.

ఇక్కడ మేస్త్రీ గొట్టం తనే తగిలించి, తీగ తనే కలిపి, వెనక వసారా మూలలో మిషను నిలబెట్టాడు. ఆ వసారా నేల ఆయన చేత్తో వేసిందే. నీళ్లు బయటి కాలవలోకి పోవాలి కనక నేలంతా కాస్త వాలు ఇచ్చాడు. మిషను నిలబడే మూల మాత్రం మట్టసంగా, గాజు పలకలా తీశాడు. మొదటి రోజు దుప్పట్లు వేసి, తలుపు మూసి, మీట నొక్కారు. ఉతికినంతసేపూ బాగానే ఉంది. పిండే వేళకి మిషను ఒళ్లంతా ఊపుకుని, గుర్రుమని, మూల వదిలి బయలుదేరింది. దడదడ శబ్దం చేస్తూ వసారా మధ్యకి వచ్చి, గొట్టం లాక్కుని, గుమ్మానికి అడ్డంగా నిలబడింది. మేస్త్రీ అటువైపు చిక్కుకున్నాడు, మేస్త్రమ్మ ఇటువైపు.

లోపల మంచం మీంచి అత్తగారు, "ఎవరొచ్చారే?" అని అడిగింది.

అప్పట్నించి మిషను పిండుతున్నంతసేపూ మేస్త్రమ్మ దానికి నడుం ఆనించి, కాళ్లు తన్నిపెట్టి నిలబడేది. పొగరుబోతు గేదెని కట్టుకొయ్యకి అదిమి పట్టినట్టు ఉండేది ఆ వరస. చేతులకి తప్పిన పోటు నడుముకి పట్టుకుంది.

కంపెనీకి ఫోను చెయ్యగా చెయ్యగా ఒక మెకానిక్ వచ్చాడు. మిషను తలుపు తీసి మూశాడు. వసారాలో ఒలికిన నీళ్లు కాలవ వైపు జారిపోవడం చూశాడు. ఇంకేమీ చూడలేదు. కాగితం తీసి, 'నేల వాలుగా ఉంది. మిషనులో లోపం లేదు. కంపెనీకి బాధ్యత లేదు' అని రాశాడు. మేస్త్రీ మర్యాదగానే చెప్పాడు, ఆ వాలు నీళ్ల కోసం బాబూ, మూల మట్టసంగా ఉంది, రసమట్టం తెస్తాను పెట్టి చూడు అని. రసమట్టం అంటే మేస్త్రీలు నేల తీరు చూసే పనిముట్టు. అందులో గాజుగొట్టం, దాన్లో నీటిబుడగ ఉంటాయి. బుడగ నడిమధ్య నిలిస్తే నేల తిన్నగా ఉన్నట్టు. మెకానిక్ తనకింకా బోలెడు ఇళ్లు ఉన్నాయని చెప్పి వెళ్లిపోయాడు.

మేస్త్రీ వేసిన నేల మీద గోళీ పెడితే, ఎటు పోవాలో తెలియక గోళీ కూర్చుని ఆలోచిస్తుందని ఊళ్లో పనివాళ్లు అనుకునేవాళ్లు. ఆస్పత్రి వరండా ఆయనదే, బడి నేలా ఆయనదే. కానీ నేల మీద ఎవరూ మేస్త్రీ పేరు రాయరు. అందరూ నడిచిపోతారు. పుట్టి బుద్ధెరిగాక తన పని గురించి ఎవరైనా అక్షరాల్లో రాసింది చూడటం ఆయనకి అదే మొదటిసారి. అది కాస్తా అలా ఉంది.

ఆయన ఆ మూలలో రసమట్టం పెట్టి చూశాడు. బుడగ నడుమనే నిలబడింది. తిప్పి పెట్టాడు. అలాగే ఉంది. ఆయన బుడగని నమ్మలేదు. మట్టం పాతబడిందేమో అనుకుని కొత్తది తెచ్చాడు. అదీ అదే చెప్పింది. ఒక పొద్దున మేస్త్రమ్మ లేచి చూసేసరికి మూల నేలని ఉలీ సుత్తీ పెట్టి తవ్వుతున్నాడు.

"బాగున్న నేలని ఎందుకలా తవ్వుతారు?" అంది.

"ఒకసారి చూద్దాం" అన్నాడు, తలెత్తకుండా.

మళ్లీ వేశాడు. గోనెపట్టాలు తడిపి కప్పి, అది గట్టిపడేదాకా పసిపిల్లకి కాపలా ఉన్నట్టు ఉన్నాడు. మిషనుని మూలకి తెచ్చి మీట నొక్కాడు. అది మామూలుగానే బయలుదేరి గుమ్మం దగ్గరికి వచ్చింది. మేస్త్రీ మెట్టు మీద కూర్చుని తన అరచేతులు చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత ఎన్నో వారాలు గడవలేదు. పనిచేసే చోట, గుండెలో బరువుగా ఉందని గోడ నీడన కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు. ఆ కాగితానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరు అన్నాడు. మేస్త్రమ్మ కాదనలేదు. కాకపోతే, ఆ అరచేతులు చూసుకోవడం ఆమె కళ్లలోంచి పోలేదు.

ఇల్లు కాస్త తెరిపిన పడ్డాక ఆమె కోర్టు ప్రహరీ పక్కన కూర్చునే టైపిస్టు దగ్గరికి వెళ్లింది. సరుకు లోపాల మీద ఫిర్యాదు వినడానికి వినియోగదారుల కోర్టని వేరే ఉందని, దానికి వకీలు కూడా అక్కర్లేదని ఆయనే చెప్పాడు. నేల సంగతి ముందు రాయండి అంది. ఆయన అన్నిటికన్నా చివర రాశాడు. కోర్టుకి ముందు మిషను చెప్పాలమ్మా, నేల ఎక్కడికీ పోదు కదా అన్నాడు.

కోర్టు గదిలో బీరువాల మీద కూడా ఫైళ్లే. బల్ల ఒకటి ఉంది గానీ దాని కాలి కింద ఇటుకముక్క పెట్టారు. మేస్త్రమ్మ కళ్లు అలవాటుకొద్దీ కిందికే పోయాయి. కిటికీ ముందు జనం నిలబడే చోట నేల కుంగి చిన్న గుంట పడింది. ఆ గుంటలో నిలబడి కాగితాలు అందించింది. కళ్లజోడు గుమస్తా బిల్లు తిరగేసి, ఊరు పేరు మీద వేలు పెట్టాడు. ఇది మా పరిధి కాదమ్మా అన్నాడు. పరిధి అంటే ఏమిటి బాబూ అని అడిగితే, గిరి గీసినట్టనుకో, ఆ గిరి లోపలి తగువులే మేం వింటాం అన్నాడు.

"మిషను మా ఇంట్లోనే ఉంది బాబూ."

"ఉండొచ్చు. బిల్లు ఆ ఊళ్లో ఉంది."

సరే అని బస్సెక్కి ఆడపడుచు ఊరి కోర్టుకి వెళ్లింది. అక్కడి గుమస్తా ఆడమనిషి, కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది. కాగితాలన్నీ ఓపిగ్గా చదివింది. మీరుండేది ఆ ఊరు, వాడేది ఆ ఊరు, మెకానిక్ వచ్చింది ఆ ఊరు, మా దగ్గరికి ఎందుకొచ్చారండీ అంది. షాపు ఇక్కడే కదా అంటే, ఆ షాపు మూసేశారు, ఇప్పుడక్కడ చెప్పుల కొట్టు పెట్టారు అంది. మేస్త్రమ్మకి నమ్మకం చాలక నడిచి వెళ్లి చూసింది. నిజంగానే చెప్పులు వేలాడుతున్నాయి. మళ్లీ వచ్చేసరికి ఆ గుమస్తా బిల్లు అడుగున చీమల బారులాంటి అక్షరాలు వెతికి పెట్టింది. ఏ తగువైనా కంపెనీ ఉన్న పెద్ద ఊరి కోర్టులోనే తేల్చుకోవాలని వాటిలో ఉంది. కావాలంటే అక్కడికి వెళ్లి చూడండి అంది, మంచి మాటే చెబుతున్నట్టు.

గోడకి కొట్టిన బంతిలా ఇల్లు చేరింది మేస్త్రమ్మ. పొమ్మన్నందుకు కాదు ఆమెకి కడుపు మండింది. ఇంతమంది ఇన్ని ఊళ్ల గురించి అడిగారు గానీ, ఒక్కళ్లయినా ఆ నేల ఎలా ఉందమ్మా అని అడగలేదు.

అత్తగారికి చెవి మందం. తనకి అక్కర్లేని మాటలకైతే ఇంకా మందం. ఆ రోజు మాత్రం కోడలి అడుగుల చప్పుడు గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏమన్నారే?"

"మన ఊరు కాదన్నారత్తయ్యా."

"మరి ఏ ఊరంట?"

"అది వాళ్లకీ తెలీదు."

ముసలావిడ కాసేపు ఇంటికప్పు వైపు చూసింది. "నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఎటు పోవాలో నీళ్లకి ఎవడూ చెప్పఖ్ఖర్లేదు. ఇంత చదువుకున్న వెధవలు నీళ్లపాటి చెయ్యరా?" అంది. ఆ ఇంట్లో చాన్నాళ్లకి మేస్త్రమ్మ పెదవి కొసన నవ్వులాంటిది కదిలింది.

మళ్లీ కళ్లజోడు గుమస్తా దగ్గరికే వెళ్లింది. ఆయన చూస్తూనే చెయ్యి ఊపాడు. అక్కడివాళ్లు ఇక్కడికే పొమ్మన్నారు బాబూ అంది. అక్కడివాళ్లు అంటే నేనేం చెయ్యను అన్నాడు. పొమ్మంటే పోతానుగానీ, ఆ పొమ్మన్న మాట జడ్జి గారి నోటితో చెప్పించండి అని, ఆ గుంటలోంచి పక్కకి జరిగి, ఇటుకముక్క బల్ల మీద కూర్చుంది. అరవలేదు, బతిమాలలేదు. జనం వచ్చారు, పోయారు. గుమస్తా టీకి వెళ్లి వచ్చాడు, ఆమె ఉంది. భోజనానికి వెళ్లి వచ్చాడు, ఆమె ఉంది. అరిచేవాళ్లతో ఆయనకి అలవాటే గానీ, ఇలా గోడకి ఆనించిన నిచ్చెనలా ఊరికే కూర్చునే మనిషితో ఏం చెయ్యాలో తోచలేదు. గది తాళం వేసే వేళకి విసుగెత్తి, కాగితాలు లాక్కుని, పరిధి మీద అనుమానం ఉందని పైన ఒక ముక్క రాసి, జడ్జి గారి ముందుకి పంపుతున్నాను, ఇక నీ రాత అన్నాడు.

కంపెనీకి కబురు వెళ్లింది. పెద్ద ఊరి నుంచి నల్లకోటు వకీలు వచ్చి, ఈ తగువు ఈ కోర్టు వినకూడదని ఒక కట్ట కాగితాలు పెట్టాడు. ఇక వాయిదాలు మొదలయ్యాయి. జడ్జి ఒక నడివయసు ఆవిడ, మాట తక్కువ, ముక్కుసూటి. ఆ అడ్రసు బిల్లు మీద ఎందుకు పడిందో చెప్పగల మనిషిని తీసుకురమ్మంది.

ఆ ఉపాయం చెప్పింది ఆడపడుచు మొగుడు. మేస్త్రమ్మ అడగ్గానే ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. తప్పుడు అడ్రసు ఇచ్చామని నా నోటితో చెప్తే నన్నే లోపలేస్తారు చెల్లెమ్మా, నన్ను వదిలెయ్యి అన్నాడు. ఆ రోజునుంచి ఆమె ఫోను చేస్తే ఆయన స్నానానికే వెళ్లి ఉండేవాడు. అంత శుభ్రమైన మనిషిని లోకంలో చూడం.

వాయిదా పొద్దున కోర్టు గుమ్మంలో ఆడపడుచు ఒక్కతే నిలబడి ఉంది. మొగుడితో చెప్పి రాలేదు. వదిన చెయ్యి పట్టుకుని, "మా ఇంటి అరుగు కూడా అన్నయ్యే వేశాడు వదినా. వీళ్ల మాట నిజమైతే నా అరుగూ వంకరే" అంది.

లోపల నల్లకోటు లేచి, బిల్లు వేరే ఊరిదన్నాడు, అడుగున అచ్చువేసిన షరతు చూడమన్నాడు. చివరికి, అసలు కొన్న మనిషి నివాసం కూడా బిల్లు ప్రకారం ఈ ఊరు కాదని అన్నాడు. జడ్జమ్మ మేస్త్రమ్మ వైపు తిరిగి, మీ ఆయన ఎక్కడుండేవారు అని అడిగింది. నాతోనే, ఈ ఊళ్లోనే అంది ఆమె.

"ఇప్పుడెక్కడ ఉంటున్నారు?" అని నల్లకోటు అందుకున్నాడు. ఫైలు మొదటి పేజీ ఆయన చదివినట్టు లేదు.

మేస్త్రమ్మ కోపంగా ఏమీ అనలేదు. "ఆయన ఇప్పుడు ఏ కోర్టు కిందికీ రాడు బాబూ" అంది.

నల్లకోటు తల వంచుకుని ఫైలు తిరగెయ్యడం మొదలుపెట్టాడు. జడ్జమ్మ, మరి మిషను ఎక్కడుంది అని అడిగింది.

"మా వసారాలోనండి. పొద్దున నేను బయలుదేరేసరికి గుమ్మం దాకా వచ్చింది."

వెనక బల్లల మీద నవ్వులు లేచాయి. మేస్త్రమ్మకి అందులో నవ్వేదేముందో అర్థం కాలేదు. ఉన్నమాటే చెప్పింది.

ఆడపడుచు వంతు వచ్చింది. మా అడ్రసు మేమే రాయించామండీ, మా గుమ్మం దాకా ఊరికే తెస్తారని, మిషను మా ఇంట్లో ఒక్క పూట కూడా లేదండీ అని గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. అంటే షాపువాణ్ణి మోసం చేశారన్నమాట అంది జడ్జమ్మ. "వ్యాను కిరాయి వరకేనండీ" అంది ఆడపడుచు. ఈసారి జడ్జమ్మ కూడా మొహానికి కాగితం అడ్డం పెట్టుకుంది.

తీర్పు చెప్పింది. కొన్నవాళ్ల కుటుంబం ఉండేది ఇక్కడ, వాడేది ఇక్కడ, కనక ఇక్కడ అడిగే హక్కు ఉంది. బిల్లు అడుగున ఎవరో అచ్చువేసుకున్న మాట చూపించి ఒక మనిషిని ఊళ్లు పట్టించడం కుదరదు. ఈ ఫిర్యాదు ఈ కోర్టే వింటుంది. ఆడపడుచు వదిన భుజం నొక్కింది. మేస్త్రమ్మ మాత్రం నిలబడే ఉంది. ఇక నేల సంగతి అడుగుతారు కాబోలు అనుకుంది. జడ్జమ్మ వాయిదా వేసి, తర్వాతి వాళ్లని పిలవమంది.

ఆ వాయిదాకి మేస్త్రమ్మ రసమట్టాలు రెండూ సంచీలో పెట్టుకుని వెళ్లింది. నల్లకోటు నవ్వు మొహంతో ఎదురొచ్చాడు. కంపెనీ కొత్త మిషను ఇస్తుంది, పాతది తీసుకుపోతుంది, ఇక్కడ సంతకం పెడితే చాలు అన్నాడు.

"మరి ఇన్నాళ్లు పోట్లాడారు కదా?"

"పోట్లాడింది ఏ ఊరు అన్నదాని మీదమ్మా. మిషను మీద మాకేం పట్టింపు లేదు. ప్రతి వాయిదాకీ నేను ఇంత దూరం రావడం కన్నా మిషను ఇచ్చెయ్యడం నయం."

"నేల వాలుగా ఉందని రాశారు. అది తప్పని రాసివ్వండి. ఇంకేమీ వద్దు."

నల్లకోటు నిట్టూర్చాడు. నేల సంగతి ఇందులో రాదమ్మా అన్నాడు. పైగా ఆ నేల మీ ఆయనే తవ్వేసి మళ్లీ వేశారని మీరే రాశారు, అప్పటి నేల ఇప్పుడు లేదు, లేని నేల గురించి ఏ ఊరి కోర్టు చెప్తుంది అన్నాడు. మేస్త్రమ్మ జడ్జమ్మ వైపు చూసింది. ఆవిడ మొహంలో దయ ఉంది గానీ మాట అదే. మీరు అడిగింది మిషను, అది వస్తోంది, తీసుకోండమ్మా అంది. మేస్త్రమ్మకి అత్తగారి దుప్పట్లు కళ్లముందు మెదిలాయి. రోజూ నడుం ఆనించి నిలబడటం మెదిలింది. సంతకం పెట్టేసింది. సంచీలో రసమట్టాలు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతుంటే ఇంటికి వచ్చింది.

గెలిచావటగా అని వీధిలో పలకరించారు. ఊరు గెలిచాను అంది ఆమె. వాళ్లకి అర్థం కాలేదు, ఆమె వివరించనూ లేదు.

కొత్త మిషను బండిలో వచ్చింది. దాన్ని బిగించడానికి వచ్చిన మనిషి నెరిసిన మీసాలవాడు, తొందర లేనివాడు. అట్టపెట్టె విప్పకముందే వసారా మూలకి వెళ్లి, సంచీలోంచి అరచెయ్యంత రసమట్టం తీసి నేల మీద పెట్టాడు. మేస్త్రమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఈ నేల ఎవరు వేశారమ్మా?"

ఆమె గడప దాటి దగ్గరికి వచ్చింది. "ఎందుకు?"

"ఎందుకేముంది, ఏ ఇంటికెళ్లినా ఒక కాలి కింద అట్టముక్క దోపాల్సిందే. ఇక్కడ ఆ పని లేదు. బుడగ కదలట్లేదు చూడండి."

"మా ఆయన వేశారు" అంది.

లోపల్నించి అత్తగారు, "ఏమంటున్నాడే ఆ వచ్చినాయన?" అని కేకేసింది. మేస్త్రమ్మ ఆ బుడగనే చూస్తూ ఉంది. ఆయనే గుమ్మం దాకా వెళ్లి, నేల తిన్నగా ఉందంటున్నాను మామ్మా అన్నాడు. వినపడలేదు, గట్టిగా చెప్పు అంది ముసలావిడ. ఆయన గట్టిగా చెప్పాడు. ఇంకాస్త గట్టిగా అంది. ఆయన వీధికి వినపడేలా చెప్పాడు. పక్కింటావిడ పిట్టగోడ మీంచి తొంగిచూసింది. అప్పుడు గానీ ముసలావిడ తలగడ మీద తల వాల్చలేదు.

పాత మిషనుని తీసుకుపోవడానికి ఆయన ముందుకి లాగి తిప్పాడు. వెనకవైపు చూసి, అలాగే వంగి ఉండిపోయాడు. ఇదేంటమ్మా, వీటితోనే నడిపారా అన్నాడు. వెనక రేకు మీద వేలంత లావు బోల్టులు బిగించి ఉన్నాయి. బండిలో వచ్చేటప్పుడు లోపలి డ్రమ్ము ఊగకుండా కంపెనీలోనే వాటిని బిగిస్తారట. ఇంటికొచ్చి బిగించే మనిషి చెయ్యాల్సిన మొదటి పని వాటిని తీసెయ్యడం. తియ్యకపోతే డ్రమ్ము బదులు మిషనంతా ఊగి, ఏ నేల మీదైనా నడుచుకుంటూ పోతుంది. మీ ఇంటికి బిగించే మనిషి రాలేదా అని అడిగాడు.

వచ్చాడు. ఆడపడుచు ఇంటికి వచ్చాడు. టీ తాగి వెళ్లిపోయాడు.

మేస్త్రమ్మ మెట్టు మీద కూర్చుండిపోయింది. మెకానిక్ చూసింది నేలని. తన మొగుడు కూడా, పిచ్చి మనిషి, నేలనే చూసుకున్నాడు. కోర్టుకోర్టుకీ తిరిగి తను విన్నది ఊళ్ల పేర్లు. ఆ ఇనపపెట్టె వీపు వైపు ఇంతమందిలో ఒక్కళ్లూ తిరగలేదు. ఏడుపు రాలేదు ఆమెకి. ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియకుండా.

"వాటిని తీసి, ఒక్కసారి ఈ మూలలో నడిపించండి" అంది.

తీసుకుపోయేదానికి ఎందుకమ్మా అంటూనే ఆయన పానా తీశాడు. బోల్టులు తీసి మెట్టు మీద పెట్టి, మిషనుని మూలకి జరిపాడు. అత్తగారి దుప్పట్లు వేసి మీట నొక్కారు. ఉతికింది, నీళ్లు వదిలింది, పిండటం మొదలెట్టింది. మేస్త్రమ్మ అలవాటుకొద్దీ వెళ్లి నడుం ఆనించి, కాళ్లు తన్నిపెట్టింది. నడుముకి సన్నటి ఒణుకు తప్ప ఏమీ తగల్లేదు. కాళ్ల కింద ఆయన వేసిన నేల, దాని మీద ఆయన కొన్న మిషను. కాసేపు అలాగే ఆనుకుని ఉంది.

"ఇదే ఉంచుతాను. కొత్తది తీసుకెళ్లండి" అంది.

ఆయన బిత్తరపోయాడు. లోపల ఎంత అరిగిందో, ఎన్నాళ్లు పనిచేస్తుందో చెప్పలేనన్నాడు. పనిచేసినన్నాళ్లు చెయ్యనీ అంది. కోర్టు ఇమ్మందమ్మా, ఊరికే వెనక్కి తీసుకుపోవడానికి నాకు లేదన్నాడు. ఆమె మిషనుకి ఆనుకునే నిలబడింది. కళ్లజోడు గుమస్తాకి తెలిసిన నిలబడటమే అది. ఆయన వీధిలోకి వెళ్లి ఆఫీసుకి ఫోను చేశాడు. వద్దంటోంది సార్, పాతదే కావాలంటోంది, అవును సార్ కోర్టుదే, మరి దీనికి ఎక్కడ రాయించాలి సార్, ఏ ఊరు సార్, అని ఆయన గొంతు వసారా దాకా వినిపిస్తూనే ఉంది.

మెట్టు మీది బోల్టుల్ని మేస్త్రమ్మ ఏరి ఒక గుడ్డపీలికలో కట్టి అలమరలో పెట్టింది. ఆడపడుచు మొగుడు ఎప్పుడో ఒకప్పుడు స్నానం ముగించుకుని రాక తప్పదు. వచ్చినప్పుడు టీ గ్లాసు పక్కన పెట్టి ఇవ్వొచ్చు.

లోపల్నించి అత్తగారు పిలిచింది. "చప్పుడు లేదేమే? ఆగిపోయిందా?"

"లేదత్తయ్యా" అంది మేస్త్రమ్మ, ముసలావిడకి వినపడేంత గట్టిగా. "తిరుగుతోంది. ఉన్నచోటే తిరుగుతోంది."